సబ్బుడబ్బా మిషను

గుడాల గిన్నె రెండు చేతులా పట్టుకొని మెట్లెక్కుతున్న బాలలక్ష్మికి సగం దూరంలోనే దువ్వెన కాలిన వాసన తగిలింది. అది అరవై ఎనిమిదో సంవత్సరం, దసరా సెలవులకు ముందురోజు. యూనివర్సిటీలో ప్రతి ఆఫీసులోనూ ఆయుధపూజ జరుగుతోంది. రసాయనశాస్త్రం వాళ్ల ఆఫీసులో పూలూ పసుపూ కొబ్బరికాయా అన్నీ అమర్చుకొని, నైవేద్యానికి ఉడికించిన శనగల గుడాలు మాత్రం క్యాంటీన్‌లో మరిచిపోయారు. అందరిలోకీ చిన్నది కాబట్టి ఉరికే పని ఆమె మీద పడింది.

గదిలోకి వచ్చేసరికి అందరూ దగ్గుతున్నారు. గోడవారన రెండు బల్లల మీద రెండు టైపు మిషన్లు, రెండింటికీ బంతిపూల దండలు. పెద్ద ఇనుప మిషను నెత్తిన కర్పూరం కాలిపోయి మసి మిగిలింది. పక్కనున్న చిన్నది బాలలక్ష్మి మిషను. దాని లేతాకుపచ్చ ప్లాస్టిక్ మూత నడిమధ్యన అరచేతంత గుంట పడి కుతకుత ఉడుకుతోంది. కరిగిన ప్లాస్టిక్ తీగలు తీగలుగా లోపలి అక్షరాల కడ్డీల మీదికి కారుతోంది. అటెండరు కొమురెల్లి వరండాలోంచి బకెట్ మోసుకొచ్చి నీళ్లు గుమ్మరిస్తే చుయ్‌మని ఆరింది. గుడాల గిన్నె ఎక్కడ పెట్టిందో ఆమెకు తెలియదు. తర్వాత చూస్తే అది హెడ్డుగారి కుర్చీలో ఉంది.

"ఎవరు వెట్టిన్రు దీని మీద కర్పూరం?" అని అడిగింది.

హెడ్డు ప్రొఫెసర్ నరహరి కళ్లద్దాలు తుడుచుకుంటున్నాడు. రీడర్లు దానియేలూ ఇన్నయ్యా ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. చివరికి హారతి పళ్లెం చేతిలో ఉన్న హెడ్‌క్లర్కు వెంకటేశమే నోరు విప్పాడు.

"నేనే వెట్టిన. ఏటేటా వెట్టినట్టే వెట్టిన. నా మిషను జూడు, మసి తుడిస్తే మళ్ల కొత్తదే. గిది ప్లాస్టికాయె. నేనేం జేత్త బిడ్డా?"

బాలలక్ష్మికి అరికాలి మంట నెత్తికెక్కింది. చేసిందంతా చేసి, నేనేం చేస్తానంటాడా? నోటిదాకా వచ్చిన మాటను పెద్దవాడని దిగమింగుకుంది.

ఆ చిన్న మిషను సంగతి క్యాంపస్‌లో తెలియనివాళ్లు లేరు. జర్మనీ నుంచి పాఠాలు చెప్పడానికి వచ్చిన ఒక పొడుగాటి ఆచార్యుడు దాన్ని వెంట తెచ్చుకున్నాడు. సాయంత్రాలు వేపచెట్టు కింద కాళ్లు బారజాపి కూర్చుని, మిషను ఒళ్లో పెట్టుకొని టకటకా కొట్టుకునేవాడు. టైపు మిషనంటే ఇద్దరు మనుషులు ఎత్తాల్సిన వస్తువని నమ్మిన జనం, ఒళ్లో ఇమిడే మిషనును చూడడానికి పక్క కాలేజీల నుంచి కూడా వచ్చారు. వెళ్లిపోతూ ఆయన దాన్ని డిపార్టుమెంటుకు బహుమతిగా ఇచ్చిపోయాడు. మిషను ఊరికే పడి ఉంటే బాగుండదని, దానికోసం ఒక టెంపరరీ టైపిస్టు పోస్టు పుట్టింది. తార్నాకలో చిన్నమ్మ చిట్టెమ్మ ఇంట్లో ఉండి టైపూ షార్టుహ్యాండూ హయ్యరు పాసైన బాలలక్ష్మికి అలా ఈ నౌకరీ దొరికింది. మిషను ఉంటే ఆమె ఉంటుంది, మిషను పోతే ఆమె కూడా పోతుంది. ఈ సంగతి ఎవరూ కాగితం మీద రాయలేదు గానీ అందరికీ తెలుసు.

వెంకటేశం మిషను నైజాం జమానాది. ఒళ్లంతా ఇనుమే. ఒకసారి గది మారుస్తుంటే అది చేయి జారి మెట్ల మీద దొర్లిందట. మెట్ల అంచులు పెచ్చులు పెచ్చులుగా లేచిపోయాయట, మిషనుకు మాత్రం ఒక చోట రంగు పోయిందట. ఆఫీసుకు కొత్తగా ఎవరొచ్చినా ఆయన ముందు ఈ కథ చెప్పి, ఆ రంగు పోయిన చోటు చూపించి, తర్వాతే వచ్చిన పనేమిటని అడిగేవాడు. బాలలక్ష్మి మిషనుకు సబ్బుడబ్బా అని పేరు పెట్టింది కూడా ఆయనే. వచ్చినప్పుడల్లా దాన్ని గోటితో కొట్టి, ఆ డొల్ల చప్పుడు విని నవ్వేవాడు.

"గిది ఎన్ని రోజులుంటదనుకుంటున్నవ్? రెండెండకాలాలు. అంతే."

"మీ ఇనుముకు వానకాలం వస్తే తుప్పు జలుబు వడ్తది గద సార్. నా దానికి గా రోగం లేదు," అనేది ఆమె.

ఆ మాటల్లో కోపం ఉండేది కాదు. నిజానికి ఆమెకు కార్బన్లు సరిగా సర్దడం, మార్జిన్లు కుదర్చడం, ప్రొఫెసర్ల కోడికాళ్ల రాత చదవడం, అన్నీ ఆయనే నేర్పాడు. అందుకే ఆ రోజు ఆమెకు అంత మండింది. పరాయివాడు చేస్తే తిట్టి పోసి ఊరుకునేది.

పూజ విషయంలో వెంకటేశానికి ఒక పట్టింపు ఉంది. కర్పూరం పళ్లెంలో వెలిగించి మిషనుకు చూపిస్తే చాలదని, మిషను నెత్తిమీదే వెలగాలని ఆయన పట్టు. ఇనుము మీద అది ఏటా వెలిగింది, ఏటా ఆరింది, ఏటా ఆయన కిరసనాయిలు గుడ్డతో మసి తుడిచాడు. సబ్బుడబ్బాకు ఇదే మొదటి ఆయుధపూజ. అలవాటుపడిన చెయ్యి రెండో బిళ్లను పక్క మిషను మీద కూడా పెట్టేసి ఉంటుందని బాలలక్ష్మి అనుకుంది. పొరపాటే. కానీ పొరపాటని ఒక్క మాట అంటే ఆయన సొమ్మేం పోయింది?

ఆ సాయంత్రమే నరహరి ఆమెను గదిలోకి పిలిచాడు.

"చూడమ్మా, మిషను నీ కస్టడీల ఉన్నది. తీసుకున్నట్టు సంతకం నీదే. సెలవులయినంక ముగ్గురం కూసొని కమిటీ వేసి చూద్దాం. అసలు ఇసొంటి మిషన్లు మన దగ్గర పనికొస్తయా, మెటల్ బాడీ మంచిదా, ప్లాస్టిక్ మంచిదా, అన్నీ తేలాలె."

"సార్, నేను గాడ లేను గద. గుడాలకు పంపిన్రు."

"అదే నేననేది. లేవు. కస్టడీల ఉన్న మనిషి మిషను కాడ ఉండాలె గదా."

వీళ్లే పంపి, వీళ్లే ఎందుకు పోయావంటున్నారు. గది బయటికొచ్చి, బల్ల మీది మిషనును గుడ్డలో చుట్టి, సంకన పెట్టుకొని తార్నాకకు నడిచింది. సబ్బుడబ్బాకున్న సుగుణం అదొక్కటే, ఆడపిల్ల ఒంటరిగా మోసుకుపోవచ్చు. దారి పొడుగునా కాలిన వాసన మొహానికి కొడుతూనే ఉంది, ఆమె పళ్లు కొరుకుతూనే ఉంది.

సెలవులన్నీ ఆ మిషనుతోనే గడిచాయి. చిట్టెమ్మ పిండివంటలు చేస్తుంటే, బాలలక్ష్మి గడపలో కూర్చుని మరలు ఊడదీసింది. కరిగి గడ్డకట్టిన మూతను సుత్తితో కొట్టి ముక్కలుగా తీసింది. కడ్డీల సందుల్లో ఇరుక్కున్న ప్లాస్టిక్‌ను బ్లేడుతోనూ కాల్చిన సూదితోనూ గీకింది. వేళ్లు కోసుకుపోయాయి.

"పోనీయవే, ఇంకో నౌకరి దొరకదా," అంది చిట్టెమ్మ.

"నేనేం దప్పు జేసిన్నని పోవాలె చిన్నమ్మా?" అని ఎగిరిపడింది బాలలక్ష్మి. ఆవిడ మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

దసరానాడు సాయంత్రం జమ్మి ఆకు కొంగున కట్టుకొని సీతాఫల్‌మండిలో వెంకటేశం ఇంటికి పోయింది. పండుగపూట పెద్దల చేతిలో జమ్మి పెట్టి కాళ్లు మొక్కితే, ఎంత పగవాడైనా కడుపులో మాట దాచుకోడని ఆమె ఆశ. ఆయన భార్య భూదేవి పీట వేసి, గిన్నెలో పాయసం పెట్టింది. బాలలక్ష్మి ఆయన చేతిలో జమ్మి పెట్టింది, వంగి మొక్కింది. దీవించడానికి ఆయన చెయ్యి సగం లేచి దిగిపోయింది.

"సార్, హెడ్డు సార్‌కు ఒక్క ముక్క జెప్పుండ్రి. కర్పూరం నేనే వెట్టిన, పిల్ల తప్పేం లేదని. గంతే. నా నౌకరి నిలవడ్తది."

"అందరు జూసిందే గద బిడ్డా. మళ్ల నేను జెప్పేదేముంది?"

"మీ నోటితోని జెప్తే వేరే ఉంటది సార్."

"అసలు తప్పు ప్లాస్టిక్‌ది," అన్నాడు వెంకటేశం, చేతిలో జమ్మి ఆకును అటూ ఇటూ తిప్పుతూ. "మొదటి రోజే జెప్పిన్నా లేదా, గిది నిలవదని?"

బాలలక్ష్మి లేచి నిలబడింది. పాయసం ముట్టలేదు. భూదేవి గేటు దాకా వెంట వచ్చింది. పండుగనాడు ఒకరింట తినకుండా లేవడం ఎంత తప్పో బాలలక్ష్మికి తెలుసు, తెలిసే లేచింది.

సెలవులు అయిపోయిన మర్నాడే కమిటీ కూర్చుంది. హెడ్డుగారి గదిలో పొడుగు బల్లకు ఒక వైపు నరహరి, దానియేలు, ఇన్నయ్య. చివరన హెడ్‌క్లర్కు హోదాలో వెంకటేశం. ఇక కమిటీలో జరిగింది రాసుకొని టైపు కొట్టాల్సింది ఎవరు? ఆ ఆఫీసులో షార్టుహ్యాండు వచ్చిన మనిషి ఒకతే. తనను తీసెయ్యాలా వద్దా అని పెద్దలు మాట్లాడుకుంటుంటే, ఒక్క మాట పోకుండా ఆమే రాసుకోవాలి. బాలలక్ష్మి పక్క స్టూలు మీద తన మిషనును పెట్టుకొని కూర్చుంది. మూత లేదు, పక్కలు లేవు, లోపలి కడ్డీలూ స్ప్రింగులూ అన్నీ బయటికే. నరహరి దాన్ని చూసి మొహం చిట్లించాడు.

"ప్లాస్టిక్‌ను ఊరికే ఆడిపోసుకోవద్దు సార్," అని మొదలుపెట్టాడు దానియేలు. ఆయన డాక్టరేటు ప్లాస్టిక్ మీదే. "తుప్పు పట్టదు, బరువుండదు, కింద పడితే సొట్టపోదు. వేడి ఒక్కదానికే కొంచెం మెత్తబడతది. మరి ఎవరన్నా మిషను మీద మంట పెడతరని తయారుచేసినోడు అనుకుంటడా?"

"అనుకోవాలె," అన్నాడు ఇన్నయ్య. ఆయనది లోహాల మీద. "మన దేశానికి అమ్మేటప్పుడు అనుకోవాలె. మెటల్ అయితే గా బాధ లేదు. ఇనుము బరువంటరా, అల్యూమినియం పెట్టుకోండ్రి."

"అల్యూమినియం సొట్టలు పడ్తది గదా."

"సొట్ట పడ్డా పని చేస్తది. ప్లాస్టిక్ పగిలితే అతుకుతదా?"

చాయ్ వచ్చింది. రెండు మిషన్లనూ మేడ మీదినుంచి పడేసి చూద్దామని ఇన్నయ్య అన్నాడు. ముందు వెంకటేశాన్ని పడేసి చూద్దాం, ఆయన మిషను కన్నా ఆయనే గట్టివాడని దానియేలు అన్నాడు. ముగ్గురూ పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. నవ్వుకు షార్టుహ్యాండులో గుర్తు లేదు కాబట్టి బాలలక్ష్మి పెన్సిలు ఆపి చూస్తూ కూర్చుంది. ఒళ్లు ఉడికిపోతోంది. ఇంత చదువు చదివిన మనుషులు, ఒక ఆడపిల్ల తిండి సంగతి తేల్చమంటే, ఇనుమా ప్లాస్టికా అని పందెం కోళ్లలా తన్నుకుంటున్నారు. వెంకటేశం మాత్రం నవ్వలేదు. ఇనుమును అంతగా మెచ్చుకుంటుంటే ఆయన మొహం వెలగాలి, కానీ తల కూడా ఎత్తలేదు.

చివరికి నరహరి గొంతు సవరించుకున్నాడు. "సరే. రాసేద్దాం. నువ్వు డైరెక్టుగా మిషను మీదనే కొట్టమ్మా, టైము కలిసొస్తది."

ఆయన ఇంగ్లీషులో చెబుతున్నాడు, ఆమె కొడుతోంది. మూత లేని మిషను చప్పుడు గదంతా మోగింది. ఇక్కడి వాతావరణానికీ ఆచారాలకూ లోహపు మిషనే తగినదని కమిటీ అభిప్రాయపడుతోంది, అని కొట్టింది. ప్లాస్టిక్ మిషను ఇక పనికిరాదు, అని కొట్టింది. మిషనును తన అధీనంలో ఉంచుకున్న టైపిస్టు అజాగ్రత్త వల్ల...

చప్పుడు ఆగిపోయింది.

"కొట్టమ్మా," అన్నాడు నరహరి.

"కొట్ట సార్."

"ఏంది?"

"కొట్టనంటున్న. మిషను పనికిరాదని ఇదే మిషను మీద కొట్టిన, అక్షరం పోలేదు, మీరే జూడుండ్రి. డబ్బా కాలింది, మిషను కాలలేదు. అది పోనీయుండ్రి. నా అజాగ్రత్త ఏంది సార్? నన్ను గుడాలకు పంపింది మీరు. కర్పూరం వెట్టింది వెంకటేశం సార్. దానియేలు సార్‌కు ప్లాస్టిక్ సంగతి నాకన్న ఎక్కువ తెలుసు, నిప్పు వెడితే ఏమైతదో ఆయన్ను అడిగితే నిద్రల గూడ జెప్తడు. ముగ్గురు సార్లు గాడనే ఉన్నరు. ఒక్కరు గూడ సూడలేదా?"

"శ్లోకం చదువుతున్నమమ్మా," అన్నాడు నరహరి. గొంతు కాస్త తగ్గింది. "కండ్లు మూసుకొని ఉన్నం."

"అందరూనా?"

దానియేలు చాయ్ గ్లాసు అడుగులోకి చూస్తూ తల ఊపాడు. ఇన్నయ్య కూడా ఊపాడు.

"అయితే గదే రాద్దాం సార్. ఇనుము మంచిదో ప్లాస్టిక్ మంచిదో తర్వాత తేల్చుకుందురు. ఆ రోజు గాడ ఉన్నోళ్లందరు కండ్లు మూసుకొని ఉండిరి, లేనిది నేనొక్కదాన్నే, గందుకే తప్పు నాదని రాద్దాం. నేనే కొడ్త."

"నావి తెరిచే ఉన్నయి," అన్నాడు వెంకటేశం.

ఆయన లేచి నిలబడ్డాడు. అందరూ అటు తిరిగారు.

"హారతి వట్టెటోడు కండ్లు మూసుకోడు సార్. చెయ్యి అలవాటుల పోయి దాని మీద గూడ వెట్టింది, గది నిజమే. కానీ వెట్టినంక జూసిన. మూత నడుమ మెత్తగయ్యి కుంగుతున్నది. పొగ గూడ ఇంకా లేవలేదు. కొబ్బరినీళ్ల చెంబు నా ఎడమ చేతిలనే ఉండె. పోస్తే ఆరిపోతుండె. మచ్చ వడుతుండె, అంతే. పోయలె. నేను జెప్పింది నిజమైతున్నదని సంబురపడ్డ. లోపలికి కారిందాక జూసుకుంట నిలబడ్డ."

ఇన్నాళ్లూ బాలలక్ష్మి పొరపాటు మీద కోపం పెంచుకుంది. ఆయన ఒప్పుకోవడం లేదని కోపం పెంచుకుంది. తెలిసి నిలబడ్డాడన్నది ఆమె ఊహకే రాలేదు. చేతికి అందేంత దూరంలో కాగితాల మీద పెట్టే ఇనుప బిళ్ల ఉంది, దాన్ని తీసి ఆయన మొహాన కొట్టాలనిపించింది. బిళ్లను పట్టుకుంది కూడా. తీసి అవతల పెట్టింది.

"వెంకటేశం, కూసో," అన్నాడు నరహరి. "సర్వీసు ముగిసే ముందు ఇవన్నీ ఎందుకు. రికార్డుల అక్కర్లేదు."

బాలలక్ష్మి మిషనులోంచి సగం కొట్టిన కాగితాన్ని లాగి పక్కన పడేసింది. కొత్త కాగితం ఎక్కించి రోలరు తిప్పింది.

"మళ్ల జెప్పుండ్రి సార్," అంది వెంకటేశంతో. "మెల్లగ."

ఆయన చెప్పాడు. ఆఫీసు అలవాటు పోదు కదా, ఇంగ్లీషులోనే చెప్పాడు, కామాలూ ఫుల్‌స్టాపులూ సహా. కర్పూరం వెలిగించింది నేను. కరగడం చూసింది నేను. ఆర్పడానికి నా చేతిలో నీళ్లు ఉన్నాయి. సంతోషించాను అనే మాటకు ముందు కామా రెండుసార్లు చెప్పాడు. ఆమె వేళ్లు మీటల మీద పెట్టి ఎదురుచూసింది, సాయం చెయ్యలేదు. ఆ మాట కూడా చెప్పాడు. ఫుల్‌స్టాపన్నాడు. ఆమె కొట్టింది.

కాగితం తీసి ఆయన ముందు పెడితే సంతకం చేశాడు. దాన్ని తీసుకెళ్లి కమిటీ ముగ్గురి ముందు కూడా పెట్టింది.

"మీరు గూడ సార్. గాడ ఉన్నమని."

దానియేలు వెంటనే చేశాడు. ఇన్నయ్య రెండుసార్లు చదివి చేశాడు. నరహరి జేబులోనే ఉన్న పెన్ను కోసం బల్ల మీద చాలాసేపు వెతికి, చివరికి ఆయనా చేశాడు. టైపిస్టును కొనసాగించాలన్న ముక్క కింద తన చేత్తోనే రాశాడు.

బాలలక్ష్మి వరండాలోకి రాగానే వెంకటేశం వెనకాలే వచ్చాడు. కళ్లు ఎర్రబడి ఉన్నాయి.

"బిడ్డా, నా మిషను నువ్వు తీసుకో. ఇగ నువ్వే కొట్టు దాని మీద. నేను సబ్బుడబ్బా మీదనే నడిపిస్త."

ఆ మిషనును ఆయన ఇన్నేళ్లలో ఎవరినీ తాకనివ్వలేదు. అది ఆయనకెంత పెద్ద మాటో ఆమెకు తెలుసు. తెలిసినా ఆమె మనసు కరగలేదు.

"నాకొద్దు సార్. గా రోజు కాలుతుండింది డబ్బా గాదు, నా నౌకరి. నీళ్లు వట్టుకొని, దగ్గర నిలబడి, కాలనిచ్చిన్రు."

ఆమె లోపలికి పోయి, మూడు కాగితాల మధ్య రెండు కార్బన్లు సర్ది, కమిటీ నివేదిక మొదటినుంచి కొట్టడం మొదలుపెట్టింది.